పెద్ద అద్దం

“సముద్రం తీసుకుపోయిందమ్మా నీ మొగుణ్ణి” అని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. సముద్రం ఎక్కడికీ రాలేదు, ఎవర్నీ తీసుకుపోలేదు. అది ఉన్నచోటే ఉంది. గవరయ్య ఎలా పోయాడో నాకు తెలుసు. చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందంటారు. నాకేమీ తగ్గదు గానీ, కళ్ళు మూసేలోపు ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాలని ఉంది.

నా పేరు నూకరత్నం. మాది భీమిలి దగ్గర జాలరిపేట. పెళ్ళయిన ఆర్నెల్లకి నేనూ గవరయ్యా విశాఖపట్నంలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. ఓడలో ఉన్నన్ని రోజులూ కక్కుకుంటూనే ఉన్నాను. జాలరివాడి పెళ్ళానికి సముద్రం పడలేదని ఓడంతా చెప్పుకుని నవ్వాడు మహానుభావుడు. వండూర్‌లో, దీవికి పడమటి ఒడ్డున, నీళ్ళకి కాస్త ఎత్తున, మాకు ఇంటి జాగా దొరికింది. అప్పటికి అక్కడ మనవాళ్ళవి అయిదారు ఇళ్ళు. వెనక అడవి, ముందు నీళ్ళు.

మా ఒడ్డుకి ఎదురుగా నీళ్ళ కింద పగడపు రాయి గోడ కట్టినట్టు పొడుగ్గా ఉంటుంది. ఒక్కచోట మాత్రం రెండు పడవలు పక్కపక్కన పట్టేంత సందు. అందులోంచే రావాలి, అందులోంచే పోవాలి. మధ్యాహ్నం పూట అదేం పెద్ద విద్య కాదు. ఎండ నెత్తిమీద ఉంటుంది కాబట్టి నీళ్ళలోకి చూస్తే రాయి పచ్చగా, సందు నల్లగా కనిపిస్తాయి. పొద్దుటిపూట అలా కాదు. పడమటి నుంచి వచ్చే పడవకి సూర్యుడు ఎదురు. ముందున్న నీళ్ళన్నీ తోమిన ఇత్తడి పళ్ళెంలా ఒకటే మెరుపు. ఆ మెరుపు కింద రాయి ఉందో సందు ఉందో తెలియదు. ఒడ్డు చూసి గుర్తుపడదామంటే అడవంతా నల్లగా ఒకే గోడ. పోనీ మధ్యాహ్నం దాకా ఆగి రావచ్చు కదా అంటారు. చేపల లారీ తొమ్మిదిన్నరకి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిపోతుంది. అది తప్పితే పట్టిన చేపలన్నీ గొయ్యి తీసి పాతిపెట్టుకోవాలి.

అందుకని అద్దం. పోర్ట్ బ్లెయిర్ అబర్దీన్ బజార్లో ఒక మంగలి అంచులు నల్లబడిపోయిందని బయట పెట్టేసిన అద్దాన్ని గవరయ్య అడిగి తెచ్చాడు. మూరెడు పొడవు ఉండేది. సందుకి సూటిగా ఒడ్డున ఒక నల్లబండ ఉంది. పడవ వచ్చే వేళకి నేను ఆ బండ మీద కూర్చుని ఎండని పడవ మీదికి పంపాలి. సూర్యుడు నా వెనక ఉంటాడు, పడవ నా ముందు ఉంటుంది. కాబట్టి అద్దాన్ని ఒళ్ళో చేటలా దాదాపు వెల్లకిలా పెట్టుకుని, సముద్రం వైపు కాస్త వాల్చాలి. సూర్యుడు బెత్తెడు పైకెక్కితే అద్దం అర బెత్తెడు వాల్చాలి. ఎప్పుడూ సగమే. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, పట్టుకోగా పట్టుకోగా చేతికి తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. పంపేవాళ్ళకి ఆ మెరుపు కనబడదు. అద్దంలోకి చూస్తే నాకు ఉత్త ఆకాశమే కనిపించేది. నా పక్కన నిలబడ్డవాళ్ళకీ అంతే. ఎండ తిరిగి ఎటు పోతుందో అక్కడున్న కంటికే అది మెరుపు. అందుకని ఎడమచెయ్యి చాచి, రెండు వేళ్ళ మధ్యలో పడవని పెట్టుకుని, ఆ వేళ్ళ మీద వెలుగు పడేలా అద్దం తిప్పేదాన్ని. అంతే, దూరంగా ఉన్న పడవలో గవరయ్య చెయ్యి ఎత్తేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఇదంతా నేను పెద్ద మేస్టారమ్మలా విడమరిచి చెప్పేదాన్ని. ఎండ సంగతి నాకొక్కదానికే తెలుసన్నట్టు ఉండేదాన్ని.

మాకు రెండు కట్టుబాట్లు ఉండేవి. అద్దం పట్టిన మనిషి పడవ సందు దాటేదాకా వెనక్కి తిరిగి ఇల్లు చూడకూడదు. చూస్తే ఇల్లు పిలిచినట్టని, పడవకి మంచిది కాదని మా అత్త చెప్పింది. రెండోది గవరయ్య పెట్టుకున్నది. మెరుపు కనబడ్డాక ఇంకేదీ చూడకూడదు. “మెరిసినకాడికి ముక్కెట్టుకుని వొచ్చీడమే. ఇటూ అటూ సూసినావా, కళ్ళు సెదిరిపోతాయి” అనేవాడు తన జోడీ రమణయ్యతో. అయిదేళ్ళు అలాగే వచ్చాడు. ఒక్కసారి కూడా రాయి తగల్లేదు.

ఇంటికి ధనీ ఆకు కప్పుకున్నాం. మడ అడవుల్లో పెరిగే, తాటాకులాంటి ఆ ఆకు మొదటి వానకి బాగానే ఉంటుంది. రెండో ఏడు నుంచి కారడమే. మా పిల్ల దేముడమ్మకి అప్పటికి మూడేళ్ళు. వానాకాలం వస్తే చాలు దగ్గు పట్టుకునేది. అంతకుముందు ఏడు శ్రావణంలో ఒక రాత్రి దగ్గి దగ్గి నీలంగా అయిపోయింది. దాన్ని భుజాన వేసుకుని, కారని మూల ఎక్కడుందా అని ఇల్లంతా తిరిగాను. కారని మూల లేదు. ఇంకో వానాకాలం ఆ ఇంట్లో ఉంటే పిల్ల దక్కదని నాకు ఆ రాత్రే అనిపించింది.

నా తమ్ముడు జోగులు చౌల్దారీ అనే ఊళ్ళో వడ్రంగి. తన ఇంటికని కొత్త రేకులు తెచ్చుకున్నాడు. పిల్ల సంగతి చూసి, “ముందు నీ ఇల్లు కప్పీద్దాం అక్కా, నాకేటి జల్దీ” అన్నాడు. ఆ మాట గవరయ్యతో చెబితే పాము మీద కాలేసినట్టు లేచాడు.

“బామ్మర్ది దయ మీద నాను తల దాసుకోవాలా? సేతులు పడిపోనాయేటి నాకు? వొచ్చే ఏడు నానే ఏయిస్తాను.”

“గుంట దగ్గుకి వొచ్చే ఏడుదాకా ఆగడం తెలీదు మావా.”

“నోరుమూసుకో. ఆ రేకులు నా ఇంటిమీదికెక్కితే నాను ఆ ఇంటిలోకి రాను. బస్, ఇంక మాట్లాడకు.”

నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఊరుకున్నానంటే నా బుర్రలో ఏదో తిరుగుతోందని ఆ మనిషికి అయిదేళ్ళ కాపురంలో తెలిసి ఉండాల్సింది.

అది మే నెల మొదటి వారం. ఇంకో పది పదిహేను రోజుల్లో వానలు. పడమటి నుంచి పెద్ద అలలు అప్పుడే మొదలయ్యాయి. బుధవారం సాయంత్రం గవరయ్యా రమణయ్యా పడవ తీశారు. రెండు రాత్రులు దీవుల పక్కన వేటాడి శుక్రవారం పొద్దుట వస్తామన్నారు. పడవ సందు దాటిందో లేదో, నేను పక్కింటి సీతాలుకి పిల్లని అప్పగించి దారిన పోయే కర్రల లారీ ఎక్కి తమ్ముడి కోసం వెళ్ళాను. సీతాలు రమణయ్య చెల్లెలు. దానికీ ఏమీ చెప్పలేదు.

గురువారం తెల్లారేసరికి నేనూ జోగులూ రేకులతో దిగాం. పాత ఆకంతా లాగి దొడ్లో కుప్ప పోశాం. ఇంటికి రెండు వాలులు, ఒకటి అడవి వైపు, ఒకటి సముద్రం వైపు. సముద్రం వైపు వాలు మీద రెండు రేకులు బిగించేసరికి తొమ్మిది దాటింది. చూరు దగ్గర నిచ్చెన మీద నిలబడ్డ జోగులు ఉన్నట్టుండి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

“అబ్బా, కళ్ళు పోతన్నాయే అక్కా! ఎదురుగా సూడలేకపోతన్నాను.”

“కొత్త పెళ్ళికూతురు కదరా, అలాగే ఉంటాది” అన్నాను కింద నుంచి. నేను నిలబడ్డచోటుకి ఆ రేకు ఉత్త బూడిదరంగులో ఉంది. వాడు తలకి తువ్వాలు చుట్టుకుని కళ్ళ మీదికి లాక్కుని పని చేసుకున్నాడు. నేను మేకులు అందించాను. ఎండని పడవల మీదికి పంపడం నా పని అని గొప్పలు పోయిన దాన్ని, ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సందేళకి పని అయిపోయింది. జోగులు నిచ్చెన వదిలేసి, ఆదివారం వచ్చి చూరు సరిచేస్తానని వెళ్ళిపోయాడు. “బావ తిడితే నా మీద ఎట్టీ” అన్నాడు. తిట్టనీ అనుకున్నాను. రెండు రోజులు వాకిట్లో పడుకుంటాడు, మూడో రోజు వాన పడితే తనే లోపలికి వస్తాడు, పిల్ల దగ్గకుండా నిద్రపోవడం చూస్తే ఇంకేమీ అనడు. ఆ రాత్రి ఇవన్నీ తలుచుకుని నాలో నేను నవ్వుకున్నాను.

శుక్రవారం పొద్దుట మబ్బు లేదు. ఎనిమిది కొట్టే వేళకి అద్దం తీసుకుని బండ మీదికి వెళ్ళాను. ఇల్లు నా వెనక, కుడివైపున, కేక వేస్తే వినబడేంత దూరం. ఇంటికి ఎదురుగా నీళ్ళలో సందు లేదు. అక్కడ అంతా రాయే. ఆ రోజు అలలు రాయి మీద తెల్లగా విరుగుతున్నాయి.

పడవ కనిపించింది. అద్దం వాల్చి, పడవని వేళ్ళ మధ్యలో పెట్టుకుని ఎండ పంపాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. దూరం కదా అనుకున్నాను. ఇంకాస్త దగ్గరికి వచ్చింది. నా వైపు రావాల్సిన పడవ కుడిపక్కకి జరుగుతోంది. నీళ్ళ లాగుడేమో, సర్దుకుంటాడులే అనుకున్నాను. సర్దుకోలేదు. దాని ముక్కు నా వైపు లేదు. తప్పిపోతున్నావని చెప్పడానికి అద్దాన్ని గబగబా ఊపాను. అలా ఊపితే ఆగాలని మా గుర్తు. పడవ ఆగలేదు. తెరచాప ఏమాత్రం తడబడకుండా, గీత గీసినట్టు ఎటో వస్తోంది.

మత్తులో ఉన్నవాడు అలా రాడు. దారి తెలియనివాడు అలా రాడు. ఏదో ఒకటి చూస్తూ, ఇంకేదీ చూడకుండా వచ్చేవాడే అలా వస్తాడు. మెరిసినకాడికి ముక్కెట్టుకుని వచ్చేవాడు.

మరి నా దగ్గర మెరుస్తుంటే అతను అటు ఎందుకు పోతున్నాడు?

వెనక్కి చూడకూడదు. అయినా చూశాను. నా ఇల్లు. బూడిదరంగు కప్పు, దాని వెనక అడవి. ఏమీ మెరవడం లేదు. మళ్ళీ ముందుకి తిరిగాను. ఒళ్ళో అద్దం ఉంది, అందులో ఉత్త ఆకాశం. ఇది కూడా నాకు మెరవదు కదా అనుకున్నాను. అప్పుడు వెలిగింది నా బుర్రకి. నా అద్దం ఎంత వాలుగా ఉందో సరిగ్గా అంతే వాలుగా ఉంది నా ఇంటి కప్పు.

అద్దం బండ మీద పడేసి పరిగెత్తాను. చీర కాళ్ళకి అడ్డం పడితే మోకాళ్ళ పైకి దోపుకున్నాను. జోగులు వదిలేసిన నిచ్చెన చూరుకి ఆనించే ఉంది. నాలుగు మెట్లు ఎక్కి తల చూరు పైకి రాగానే వెలుగు మొహానికి కొట్టింది. ఇంక ఏమీ కనబడలేదు. కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి ఎర్రగా వస్తోంది. ఇరవై రేకుల కప్పు, కొత్త కప్పు, నా మంగలి అద్దాలు వంద పరిచినట్టు ఉంది. అయిదేళ్ళు గవరయ్య కళ్ళలోకి ఎండ పంపాను గానీ, అది తగిలితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

కిందికి దూకి, దొడ్లో ఉన్న పాత ఆకు చేతికి దొరికినంత పట్టుకుని పైకి విసిరాను. ఎక్కాను, పరిచాను, దిగాను, మళ్ళీ తెచ్చాను. ధనీ ఆకు అంచులు చేతులు కోసేస్తున్నాయి. చాపలు వేశాను, గోనెలు వేశాను, పిల్ల పక్కబట్టలు వేశాను. సముద్రం వైపు వాలు సగం మూసుకుంది, ముప్పావు మూసుకుంది. పర్వాలేదు, ఇంక నా అద్దం కనబడుతుంది అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. అద్దం బండ మీద పడి ఉంది. పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

కప్పు మీద నుంచి సముద్రం బాగా కనిపిస్తుంది. పడవ రాయికి దగ్గరగా ఉంది. గవరయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని ఇటూ అటూ చూస్తున్నాడు. దేనికోసం చూస్తున్నాడో నాకు తెలుసు. “మావా, ఎనక్కి తిప్పు!” అని అరిచాను. అలల చప్పుడులో నా అరుపు నాకే వినబడలేదు. వెనక నుంచి ఒక అల వచ్చి పడవని ఎత్తింది. దించినప్పుడు అక్కడ పడవ లేదు, రెండు చెక్కలు ఉన్నాయి.

రమణయ్య రాళ్ళ మీద పాక్కుంటూ ఒడ్డుకి వచ్చాడు. పగడపు రాయి కాళ్ళనీ పొట్టనీ చీరేసింది. చేపల కోసం వచ్చిన లారీలోనే అతన్ని పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గవరయ్య శనివారం ఆటుకి, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, దొరికాడు. నీళ్ళలో పోయినవాణ్ణి మావాళ్ళు ఇంట్లోకి తీసుకురారు. వాకిట్లోనే పడుకోబెట్టారు. రేకులెక్కితే ఇంటిలోకి రానన్నాడు, రాలేదు. అన్నమాట నిలబెట్టుకునే మనిషి.

ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియలేదు. కొత్త రేకులు అందరూ చూశారు. కానీ నేల మీద నిలబడ్డవాళ్ళకి అవి మెరవవు కదా. పిల్లకి మంచి పని చేశావన్నారు. గాలికి పడవ దారి తప్పిందన్నారు. ఆదివారం జోగులు వచ్చి, కప్పు మీద పాత ఆకు చూసి నా మొహం చూశాడు. తువ్వాలు కళ్ళ మీదికి లాక్కున్నది వాడికీ గుర్తొచ్చిందేమో. నిచ్చెన ఎక్కి ఆ ఆకుని రేకుల మీద తాళ్ళతో గట్టిగా కట్టి వెళ్ళిపోయాడు. బయటి నుంచి చూస్తే మళ్ళీ పాత ఇల్లే.

పదకొండో రోజు దాటాక వాన మొదలైంది. వాన పట్టిన రెండో రోజు సాయంత్రం రమణయ్య వచ్చాడు. ఆసుపత్రి నుంచి ఆ మధ్యాహ్నమే తెచ్చారట. కర్ర ఊతంతో, ఆ వానలో తడుచుకుంటూ వచ్చి గడప లోపల చతికిలపడ్డాడు. పిల్ల మూల పడుకుని ఉంది.

“వదినా, ఒక మాట సెప్పాలని వొచ్చినాను” అన్నాడు. “ఆడు పోయేముందర నీ మాటే అన్నాడు. ఒడ్డుకాడ ఇంతలేసి మెరుపు కనిపించింది. సిన్నదొకటి పక్కన తళుకుమంది, అదేట్రా అన్నాను. అది నీళ్ళ మెరుపురా, దాన్ని సూడకు అన్నాడు. ‘సూడ్రా, మా రత్నం పెద్దద్దం తెచ్చినాది. ఎక్కడ తెచ్చినాదో ముండ, నాకు సెప్పనేదు’ అని నవ్వినాడు. అంత నవ్వు ఆడి మొహాన ఎప్పుడూ సూడనేదు వదినా.”

నేను పిల్ల దుప్పటి సర్దాను.

“తరవాత మబ్బట్టినట్టు ఆ మెరుపు పోయింది. ఎలాగ పోయిందో నాకు మాలూమ్ కాలేదు. నువ్వేటి సేస్తావులే, ఎండ గదా.” మొహం తుడుచుకున్నాడు. “నాను మళ్ళీ ఏటకి పోవాలి. ఇంటిలో నలుగురున్నారు. ఆ పెద్దద్దం నాకియ్యి వదినా. సీతాలు పట్టుకుంటాది. ఎక్కడెట్టినావు దాన్ని?”

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. పగిలిపోయిందనొచ్చు, సముద్రంలో పారేశాననొచ్చు. పన్నెండు రోజులుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇతను అడిగాడు. నా మీద చిన్నమెత్తు అనుమానం లేకుండా అడిగాడు. ఆ కాళ్ళ కట్లలోంచి ఇంకా నెత్తురు ఊరుతోంది.

“నువ్వు దాని కిందే కూసున్నావు” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నా మొహం చూశాడు. తర్వాత తల ఎత్తి పైకి చూశాడు. ఆకు కింద రేకుల మీద వాన చప్పుడు అప్పటిదాకా అతని చెవికి ఎక్కినట్టు లేదు, ఇప్పుడు విన్నాడు. ఒక్కొక్క రేకూ చూసుకుంటూ సముద్రం వైపు వాలు చివరిదాకా చూశాడు. కర్ర పట్టుకుని, గోడ పట్టుకుని, మెల్లగా లేచాడు.

వాకిట్లోకి వెళ్ళి వానలో నిలబడ్డాడు. లోపలికి రా అని రెండుసార్లు పిలిచాను. రాలేదు. అక్కడే, గవరయ్యని పడుకోబెట్టిన చోటే, కట్లు తడిసి ఎర్రనీళ్ళు కారుతుంటే చీకటి పడేదాకా నిలబడి, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా కప్పు కిందికి రాలేదు.

ఆ రాత్రంతా వాన దంచి కొట్టింది. నేను లేచి, అలవాటుకొద్దీ, కారే చోట గిన్నె పెడదామని ఇల్లంతా చేత్తో తడిమాను. ఎక్కడా చుక్క లేదు. పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు.